రాయలే గెలుస్తాడని తెలిసిన ఆటలో గజపతి పక్షాన ఎవరు కూర్చుంటారు?

ప్రశ్న: అన్నా, మాది గుంటూరు, బ్రాడీపేట. ఆదివారం మధ్యాహ్నాలు మా మేడ మీద గదిలో నలుగురం కూర్చుని వార్‌గేమ్, అంటే మ్యాప్ మీద బిళ్ళలతో యుద్ధం ఆట, ఆడతాం. కృష్ణదేవరాయల కళింగ దండయాత్ర మీద మేమే తయారుచేసుకున్నాం. ఉదయగిరి నుంచి సింహాచలం దాకా తొమ్మిది కోటలు, పన్నెండు టర్న్‌లు, ఆఖరికి ఎవరి చేతిలో ఎక్కువ కోటలుంటే వాళ్ళు గెలిచినట్టు. ఒక క్యాంపెయిన్, అంటే మొదటి టర్న్ నుంచి ఆఖరి దాకా ఒక పూర్తి ఆట, అవడానికి ఆరేడు ఆదివారాలు పడుతుంది. ఇప్పటికి ఆరు ఆడితే ఆరూ విజయనగరమే గెలిచింది, అందులో ఐదుసార్లు రాయల పక్షం మా బావది. ఎప్పుడూ గజపతిగా, అంటే రాయలు ఎదుర్కొన్న ఒరిస్సా రాజుగా, కూర్చునే మా బాబాయి కొడుకు పోయినసారి ఉదయగిరి పడగానే "ఇంకేముంది, అయిపోయింది" అని లేచి వెళ్ళిపోయాడు. ఇక రానంటున్నాడు. గజపతికి ఇంకో నాలుగు ఏనుగు బిళ్ళలు ఇద్దామా, లేకపోతే గోల్కొండని అతని వైపు కలుపుదామా అని ఆలోచిస్తున్నాం. సంక్రాంతి తర్వాత కొత్తది మొదలుపెట్టాలి. ఏం చేయమంటావు?

సమాధానం: తమ్ముడూ, ఏనుగులు ఇవ్వొద్దు. గోల్కొండనీ కలపొద్దు. ఆ రెండూ నేను చేసి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. కొన్నేళ్ళ కిందట విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో ఇదే యుద్ధాన్ని ఆడేటప్పుడు నాకూ ఇదే టెన్షన్. గజపతి బలం కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాను. మూడో క్యాంపెయిన్‌కి బలాలు సరిసమానం అయ్యాయి, ఫలితాలూ అటూ ఇటూ వచ్చాయి, కానీ కొండవీడు పడటం మానేసింది. రాయలు రెండేళ్ళపాటు ఉదయగిరి కిందే కూర్చునేవాడు. రాయల పక్షం ఆడిన స్నేహితుడు ఒకరోజు పావులు సర్దుతూ "ఇది బాగానే ఉంది గానీ ఇందులో రాయలు ఎక్కడున్నాడు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. సమానం చేసే పనిలో యుద్ధాన్నే మార్చేశాను.

మీ ఆటలో తప్పు బలాల్లో లేదు, మీరు రాసుకున్న గెలుపు షరతులో ఉంది.

చిన్నప్పుడు పులి-మేక ఆడే ఉంటావు. గుడి అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని, చింతగింజలు మేకలుగా, మూడు గులకరాళ్ళు పులులుగా. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకని తింటుంది, మేక పులిని తినలేదు, అయినా మేకల పక్షం ఆడటానికి ఎవరూ బాధపడరు. ఎందుకంటే మేకలు గెలవడం అంటే పులుల్ని చంపడం కాదు, కదలనివ్వకుండా కట్టెయ్యడం. రెండు పక్షాలకీ ఒకే షరతు పెట్టి, "ఎవరు ఎక్కువ తింటే వాళ్ళు గెలిచినట్టు" అని ఆడితే ఆ ఆట ఒక్క పూట కూడా బతకదు. ఇంకో సంగతి. మా అమ్మమ్మగారి ఊళ్ళో ఐదు మేకల్ని తింటే పులి గెలిచినట్టు, మా ఊళ్ళో ఆరు తినాలి. పావులు మారలేదు, గీతలు మారలేదు, ఆ ఒక్క అంకె మారితే చాలు, ఆట ఎటు మొగ్గాలో మారిపోతుంది. నువ్వు పట్టుకోవాల్సిన మర అదే. ఏనుగుల సంఖ్య జోలికి వెళ్ళకు, అంకె జోలికి వెళ్ళు.

ఇప్పుడు మీ షరతు చూద్దాం. ఆఖరికి ఎక్కువ కోటలున్నవాడు గెలుస్తాడు అన్నారు. అసలు రాయలే ఈ లెక్కన గెలవలేదు తెలుసా? 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు, ఆ తర్వాత కొండపల్లి, రాజమహేంద్రవరం, 1516లో సింహాచలంలో శాసనం. ఇంత దూరం పోయినవాడు సంధి చేసుకున్నప్పుడు అప్పటి గజపతి ప్రతాపరుద్రుడి కూతుర్ని పెళ్ళి చేసుకుని, కృష్ణకి ఉత్తరాన గెలిచిందంతా ఆయనకే తిరిగిచ్చేశాడు. మా కొండపల్లితో సహా. ఆ రోజు మ్యాప్ మీద కోటలు లెక్కపెడితే మీ బాబాయి కొడుకు గెలిచినట్టే వస్తుందేమో! రాయలకి కావాల్సింది కృష్ణ దాకా సరిహద్దు. అంతకు ముందు తరాల్లో కపిలేశ్వర గజపతి వచ్చి తీసుకుపోయిన దక్షిణ తీరాన్ని వెనక్కి తెచ్చుకోవడం. మిగతాదంతా బేరానికి పనికొచ్చే సరుకు. కాబట్టి ఉత్తరాన కోటలకి ఒక్కోదానికి ఉదయగిరితో సమానంగా లెక్క కట్టే షరతు చరిత్రకీ సరిపోదు, ఆటకీ సరిపోదు.

గజపతి వైపు నుంచి చూడు. పోర్చుగీసువాడు నూనిజ్ రాసినదాని ప్రకారం రాయలు ఉదయగిరి మీదికి 34,000 కాల్బలం, 800 ఏనుగులు తీసుకెళ్ళాడు, కోటలో ఉన్నది 10,000 మంది, 400 గుర్రాలు. ఆ కోటకి అంతకన్నా ఎక్కువమంది అక్కర్లేదని, ఆకలికి మాడ్చి తప్ప దాన్ని పట్టలేరని కూడా ఆయనే రాశాడు. బండలు పగలగొట్టి దారులు వేసుకుంటూ ఏడాదిన్నర పట్టింది. ఆ అంకెలు కచ్చితమని నేను అనను, ఆ రోజుల్లో రాసినవాళ్ళు సైన్యాల్ని పెంచి చెప్పడం మామూలే. కానీ ఆ ఏడాదిన్నర మాత్రం నీకు బంగారం. మూడింతల బలం ముందు కూర్చున్న కోట నాయకుడు కోట పోకుండా ఆపలేడు, ఎన్నాళ్ళు ఆపుతాడన్నదే అతని చేతిలో ఉన్నది. గజపతి ఆటగాడికి మీరు ఆ కాలానికి ఒక్క పాయింటు కూడా ఇవ్వడం లేదు. పద్దెనిమిది నెలలు నిలబెట్టినా సున్నా, ఆరు నెలల్లో పోగొట్టుకున్నా సున్నా. అలాంటప్పుడు ఉదయగిరి పడగానే ఆ కుర్రాడు లేచి వెళ్ళిపోవడంలో తప్పేముంది? అతను ఆటని మీ అందరికన్నా సరిగ్గా చదివాడు.

కాబట్టి ఇలా చెయ్యి. కోటలకి పాయింట్లు తీసెయ్. చరిత్రలో ఏది ఎప్పుడు పడిందో దాన్ని గీతగా పెట్టుకుని, ఆ గీతకి ముందు పడితే రాయలకి, తర్వాత పడితే గజపతికి పాయింట్లు ఇవ్వు. టర్న్‌కి మూడు నెలలు అనుకో, 1513 జనవరిలో మొదలుపెట్టు. నూనిజ్ చెప్పిన ఏడాదిన్నర లెక్కేస్తే ఉదయగిరి ఆరో టర్న్ చివర, అంటే 1514 జూన్‌లో పడాలి, నిజంగానే అప్పుడు పడింది. కొండవీడు 1515 జూన్ 23న పడింది, అది పదో టర్న్ చివర. సింహాచలం చేరేసరికి పదమూడో టర్న్. మీ పన్నెండు చాలవు, పద్నాలుగు చెయ్. ఉదయగిరి ఒక టర్న్ ముందు పడితే రాయలకి 2, ఒక టర్న్ ఆలస్యమైతే గజపతికి 2. సరిగ్గా ఆరో టర్న్‌లో పడితే ఎవరికీ ఏమీ లేదు. అంటే గజపతి కోట పోగొట్టుకుని కూడా గెలుస్తూ ఉండొచ్చు, రాయలు కోట మీద జెండా ఎగరేసి కూడా వెనకబడి ఉండొచ్చు. ఆట మొదట్లో ఇది మీ బావకి నచ్చదు. రెండు ఆదివారాలు ఓపిక పట్టమను.

ఇక్కడొక చిక్కుంది, నేను రెండు క్యాంపెయిన్‌లు పాడుచేసుకున్నాక గానీ నాకు తెలియలేదు. కొండవీటికి గీతని పదో టర్న్ దగ్గరే పాతిపెడితే, ఉదయగిరి ఆలస్యం అయిన ప్రతిసారీ కొండవీడు కూడా తప్పకుండా ఆలస్యం అవుతుంది, ఒకే ఆలస్యానికి గజపతికి రెండుసార్లు పాయింట్లు వచ్చేస్తాయి. ఉదయగిరి తొందరగా పడితే అటువైపు కూడా అంతే, ఒక్క దెబ్బకి రెండు కోటల లాభం. క్యాంపెయిన్ ఆటలన్నిటికీ ఉన్న జబ్బు ఇది. మొదటి యుద్ధం గెలిచినవాడికి రెండో యుద్ధం తేలికవుతుంది, మూడోది ఇంకా తేలిక, నాలుగో వారం నుంచి ఓడిపోయేవాడు కేవలం మొహమాటానికి కూర్చుంటాడు. అందుకని కొండవీటి గీతని క్యాలెండర్‌కి కట్టకు, ఉదయగిరి పతనానికి కట్టు. ఉదయగిరి పడిన టర్న్ నుంచి నాలుగో టర్న్ చివర కొండవీడు పడితే సమానం. చరిత్రలో ఆరు నుంచి పదికి నాలుగే. ఉదయగిరి మూడో టర్న్‌లోనే పోయిందనుకో, గజపతికి ఆ కోట మీద నష్టం 6 పాయింట్లు, కానీ కొండవీటి గడియారం అక్కడి నుంచి కొత్తగా మొదలవుతుంది. మీ తమ్ముడు లేచి వెళ్ళిపోయిన ఆ నిమిషంలో అతని ముందు ఇంకో ఆట ఉంటుంది. కొండవీటికి టర్న్‌కి 3 పాయింట్లు పెట్టు, ఎందుకంటే తూర్పు తీరపు యుద్ధం తేలింది అక్కడే. ఉదయగిరిని వదిలేసి నేరుగా కొండవీటికి పరుగెత్తే తెలివి మీ బావకి వస్తుంది, వచ్చే తీరుతుంది. ఉదయగిరి చేతిలో లేకుండా గుండ్లకమ్మ దాటిన సైన్యానికి సరఫరా లేదు అని ఒక్క వాక్యం నియమాల్లో రాసుకో.

నిలబడిన కాలానికి పాయింట్లతో పాటు చేతికి తగిలేది కూడా ఏదైనా ఉండాలి. ఉదయగిరి నిలిచిన ప్రతి టర్న్‌కి గజపతికి ఒక ఏర్పాటు బిళ్ళ ఇవ్వు. దాన్ని అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, కొండవీడు, ఎక్కడైనా బోర్లించి పెట్టుకోవచ్చు. కింద ధాన్యం ఉందో, కట్టుదిట్టం చేసిన గోడ ఉందో, ఉత్తి బిళ్ళేనో రాయలకి తెలియదు. అప్పుడు ఉదయగిరి లోపల ఆకలితో ఉన్నవాళ్ళు నిలబడుతున్నది కొండవీడు కోసం అని ఆడేవాడికి ఒంటికి తెలుస్తుంది. మా దగ్గర గజపతి ఆడిన పిల్లాడు ఒకడు ఐదు బిళ్ళలూ వినుకొండలో పెట్టాడు, అన్నీ ఉత్తివే, రాయలు అక్కడ రెండు టర్న్‌లు పోగొట్టుకున్నాడు. ఆ ఆదివారం ఇల్లంతా అరుపులే.

కొండవీటిలో పట్టుబడినవాళ్ళలో ప్రతాపరుద్రుడి కొడుకు వీరభద్రుడు ఉన్నాడు. అతనికి ఒక బిళ్ళ చెయ్. కోటలో ఉన్నంతసేపు కోట బలానికి ఒకటి ఎక్కువ, కానీ కోట పడినప్పుడు లోపలే ఉంటే రాయలకి 3 పాయింట్లు. ముందే తప్పించి పంపితే కోట బలం తగ్గుతుంది. ఎప్పుడు పంపాలి అన్నది గజపతి ఆటగాడికి నిద్ర పట్టనివ్వని ప్రశ్న, అలాంటి ప్రశ్న ఒకటైనా ఉన్న పక్షాన్ని ఎవరూ వదిలిపెట్టరు.

గోల్కొండ సంగతి. సుల్తాన్ కులీ కొండపల్లిని గజపతుల దగ్గర్నుంచే తర్వాత లాక్కున్నాడు, అలాంటివాణ్ణి గజపతికి మిత్రుడిగా కూర్చోబెట్టడం ఏం న్యాయం? పైగా మూడో ఆటగాడు వస్తే, తను గెలవలేనని తెలిసిన రోజు ఇద్దరిలో ఎవరు గెలవాలో అతనే తేల్చేస్తాడు, ఆ తగాదా భోజనాల దాకా నడుస్తుంది. బయటి రాజ్యాల్ని మనుషులకి ఇవ్వకు, పాచికకి ఇవ్వు. రాయల వెనక బీజాపూర్ ఉంది, 1520లో రాయచూరు దగ్గర తేల్చుకోవాల్సి వచ్చింది కూడా. గజపతి వెనక బెంగాల్ ఉంది. 1509 ప్రాంతంలో ప్రతాపరుద్రుడు దక్షిణాన ఉన్నప్పుడు హుస్సేన్ షా సేన ఒరిస్సాలో చొరబడింది, ఆయన పరుగున వెనక్కి వెళ్ళాడు. కాబట్టి రాయల ప్రధాన సైన్యం కృష్ణకి ఉత్తరాన ఉన్న ప్రతి టర్న్ చివర ఒక పాచిక. 1 గానీ 2 గానీ పడితే బీజాపూర్ గుర్తు ఒక గడి ముందుకి, మూడు గడులు వస్తే సైన్యంలో మూడో వంతు పడమటికి పోవాలి. గజపతి తన ఉత్తరపు దండుని గోదావరి దాటించి దక్షిణానికి దించిన ప్రతి టర్న్‌కీ బెంగాల్ మీద ఇదే పద్ధతి. ఇద్దరికీ వెనక భయం ఉంటేనే ముందుకి వేసే అడుగుకి విలువ.

వానలు కూడా పెట్టు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఉండే టర్న్‌లు మూడు, ఏడు, పదకొండు. వాటిలో కృష్ణ దాటడం లేదు. వర్షాకాలంలో ఎగువ నుంచి వరద దిగినప్పుడు ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి చూస్తే ఎందుకో ఎవరికైనా అర్థమవుతుంది, ఆ రోజుల్లో బ్యారేజీ కూడా లేదు. కళింగ యాత్రలో రాయలు విజయవాడలో కొన్నాళ్ళు ఆగి, ఆ తర్వాత కృష్ణాతీరంలోని శ్రీకాకుళం వెళ్ళి ఆంధ్ర మహావిష్ణువు గుళ్ళో ఏకాదశి ఉన్నట్టు ఆముక్తమాల్యదలో ఆయనే చెప్పుకున్నాడు. అంత పెద్ద దండు ఏటి దగ్గర ఆగిందంటే కాలం ఖర్చయినట్టే, ఆటలోనూ ఖర్చవ్వాలి.

ఇక ముగింపు. ఆఖరి టర్న్ ఏదో ఇద్దరికీ ముందే తెలిస్తే ఆ టర్న్‌లో సైన్యాలన్నీ పిచ్చెక్కినట్టు దొరికిన కోటల మీద పడతాయి, రేపు అనేది లేదు కాబట్టి. మీ ఆరు ఆటల్లో ఇది జరగకుండా ఉండదు. రెండు మందులున్నాయి, రెండూ వాడు. ఒకటి, పన్నెండో టర్న్ నుంచి ప్రతి టర్న్ చివరా పాచిక వెయ్యి, 5 గానీ 6 గానీ పడితే యుద్ధం అక్కడితో ఆగింది, పద్నాలుగు దాటి ఎలాగూ లేదు. రెండు, సంధి. ఏ టర్న్ చివరైనా ఎవరైనా సంధి అడగొచ్చు. కృష్ణ సరిహద్దుగా సంధి అయితే పాయింట్లు ఎక్కడున్నాయో అక్కడే ఆగుతాయి. కృష్ణకి ఉత్తరాన కోటలు ఉంచుకుంటానని రాయలు పట్టుబట్టి ఒప్పించుకుంటే కోటకి 1, అంతే. ఆ ఒక్క పాయింటు కోసం బీజాపూర్ పాచికని ఇంకో మూడుసార్లు ఎదుర్కోవాలా అని మీ బావ ఆలోచించే రోజు వస్తుంది. అప్పుడు అర్థమవుతుంది, సింహాచలం దాకా వెళ్ళినవాడు ఎందుకు తిరిగిచ్చేశాడో. కొండవీడు పడకముందే గజపతి సంధికి ఒప్పించగలిగితే మాత్రం అతనికి 5 ఇవ్వు, నిజంగా ప్రతాపరుద్రుడికి దొరకనిది అది.

పాయింట్లని రెండు ఖాతాల్లో రాయకు. ఒకే పట్టీ గియ్యి, సున్నా నుంచి ఇరవై దాకా, బిళ్ళ పది దగ్గర. రాయలు పైకి తోస్తాడు, గజపతి కిందికి లాగుతాడు. ఇరవై తగిలితే రాయలు, సున్నా తగిలితే గజపతి, ఆట అక్కడికక్కడే అయిపోయింది, మిగతా ఆదివారాలు కొత్తది మొదలుపెట్టుకోవచ్చు. 1999లో వచ్చిన పాత్స్ ఆఫ్ గ్లోరీ అనే మొదటి ప్రపంచ యుద్ధపు ఆటలో లెక్క ఇలాగే పది దగ్గర మొదలై ఇరవైకో సున్నాకో చేరితే తేలిపోతుంది. ఒక్క బిళ్ళ గోడ మీద బల్లిలా కనబడుతూ ఉంటే ఎవరు ముందున్నారన్న వాదన ఉండదు.

ఇన్ని అంకెలు చెప్పాను గానీ ఇవి మీ మ్యాప్‌కి, మీ పాచికలకి సరిపోతాయని హామీ ఇవ్వలేను. మీ ముట్టడి నియమాలు ఎలా ఉన్నాయో నాకు తెలియదు, 2 బదులు 1 పెట్టాల్సి రావొచ్చు. అసలు మీ ఆట ఎంత ఒరిగి ఉందో మీకూ తెలియదు. ఆరుకి ఆరూ విజయనగరమే గెలవడం, సమానమైన ఆటలో అయితే అరవై నాలుగుసార్లలో ఒక్కసారి జరిగే మాట, కాబట్టి ఏదో ఉంది, నిజమే. కానీ ఐదుసార్లు అక్కడ కూర్చున్నది ఒకే మనిషి. బలం రాయలదా, మీ బావదా? ఎలా విడదీస్తావు? పక్షాలు మార్చుకుని రెండుసార్లు ఆడి పోల్చుకోవడం మంచి పద్ధతే, పధ్నాలుగు ఆదివారాలు పడుతుంది, ఎవరికీ కుదరదు.

దీనికి మన ఇళ్ళల్లోనే విరుగుడు ఉంది. చీటీ పాట. అవసరం ఉన్నవాడు ఎక్కువ తగ్గించుకుని పాట పాడి డబ్బు తీసుకుంటాడు, ఆ తగ్గింపు మిగతావాళ్ళకి పోతుంది. అలాగే మొదలుపెట్టే రోజున మీ బావ, ఎదుటివాడు చెరో చీటీ మీద, రాయల పక్షం ఇస్తే ఎన్ని పాయింట్లు వదులుకుంటారో రాసి మడిచి పెట్టాలి. బావ 4 రాశాడు, ఎదుటివాడు 2 రాశాడు అనుకో. రాయలు బావకే, కానీ బిళ్ళ పది దగ్గర కాకుండా ఆరు దగ్గర మొదలవుతుంది. తర్వాత "నీది సులువైన పక్షం" అనే మాట ఎవరి నోటా రాదు, ధర పెట్టింది వాళ్ళే. నాలుగు క్యాంపెయిన్‌లు అయ్యేసరికి ఆ పాటలే నీకు చెబుతాయి, ఆట ఎంత ఒరిగిందో. మా దగ్గర మొదట 5 దాకా పోయింది, ఏర్పాటు బిళ్ళలు పెట్టాక 2 కి దిగింది. నేను చెప్పిన పాత్స్ ఆఫ్ గ్లోరీని పోటీల్లో ఆడేవాళ్ళు కూడా పక్షాలకి పాట పెట్టుకుంటారు.

నలుగురు ఉన్నారన్నావు కదా, ఒకరు మధ్యవర్తిగా ఉండండి, వంతులవారీగా. బోర్లించిన బిళ్ళలు, దాచిన లెక్కలు ఒకరి దగ్గర ఉండాలి. ప్రష్యా సైన్యం ఆడిన 1824 నాటి క్రీగ్‌స్పీల్ అనే వార్‌గేమ్‌లోనే మధ్యవర్తి ఉన్నాడు, ఇది కొత్త ఏర్పాటేమీ కాదు.

మీ బాబాయి కొడుకు దగ్గరికి మాత్రం నియమాల కాగితం పట్టుకుని వెళ్ళకు. ఖాళీ కాగితం తీసుకుని వెళ్ళు. మన ఇళ్ళల్లో పొలం పంచుకునేటప్పుడు పెద్దవాడు వాటాలు వేస్తే చిన్నవాడు ముందు కోరుకుంటాడు కదా, దాన్ని తిరగెయ్. గీతలు ఎక్కడ పెట్టాలో, టర్న్‌కి ఎన్ని పాయింట్లో అతన్నే రాయమను, రాశాక ఏ పక్షం కావాలో మీ బావని కోరుకోమను. తను ఏ వైపు కూర్చోబోతాడో తెలియకుండా రాసేవాడు ఒంకరగా రాయడు. ఈ పద్ధతి వాడితే ఆ మొదటిసారికి చీటీ పాట అక్కర్లేదు, రెండూ ఒకేసారి పెట్టి గందరగోళం చేసుకోవద్దు. ఆరుసార్లు ఓడినవాడికి ఆ ఆట లోతు మీ అందరికన్నా ఎక్కువ తెలుసు, ఆ మాట అతనితో అను కూడా.

అతను ఏడు ఆదివారాలకి ఇప్పుడే ఒప్పుకోకపోతే చిన్నదానితో మొదలుపెట్టండి. 1759లో బందరు కోట. ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ బయట, ఫ్రెంచివాళ్ళు లోపల, లోపలున్న ఫ్రెంచి సైనికులే బయటున్న ఇంగ్లీషువాళ్ళకన్నా ఎక్కువ. ఫ్రెంచివాళ్ళకి సాయంగా దక్కన్ పాలకుడు సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో మా బెజవాడ దాకా వచ్చేశాడు, సముద్రం మీద ఫ్రెంచి ఓడలు రావాల్సి ఉంది. ఫోర్డ్ ఏప్రిల్ 7 రాత్రి గోడల మీద పడి తెల్లారేసరికి కోట తీసుకున్నాడు, ఓడలు కొన్ని రోజులకే వచ్చాయి, అప్పటికి దిగడానికి చోటు లేదు. ఇందులో బలంతో పని లేదు, షరతు అంతా రోజుల మీదే. ఓడలు కనబడే రోజుని మధ్యవర్తి పాచికతో రహస్యంగా నిర్ణయిస్తే చాలు. రెండు ఆదివారాల్లో అయిపోతుంది. కోటలో కూర్చున్నవాడు ఓడిపోతున్నాడో గెలుస్తున్నాడో ఆఖరి రాత్రి దాకా తెలియదు. మీ తమ్ముణ్ణి కోటలో కూర్చోబెట్టు.

సంక్రాంతి తర్వాత పెద్దది మొదలుపెట్టినప్పుడు ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకో. ఎవరు గెలిచారన్నది ఒక్కటే రాస్తే ఆరు ఆటలకి ఆరు అక్షరాలు మిగులుతాయి, వాటితో ఏమీ చెయ్యలేం. ఏ కోట ఎన్నో టర్న్‌లో పడింది, అప్పుడు ఎవరి సైన్యం ఎంత మిగిలింది, బిళ్ళ పట్టీ మీద ఎక్కడుంది, పాట ఎంతకి పోయింది, సంధి ఎవరు ముందు అడిగారు, ఇవన్నీ రాయి. రెండు క్యాంపెయిన్‌లు అయ్యాక ఆ పేజీలు నాకు పంపు. అంకెలు ఎక్కడ మార్చాలో అప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం, ముఖ్యంగా ఉదయగిరి పడిన తర్వాత కొండవీడు ఎన్ని టర్న్‌లు నిలిచిందో.